ఊపిరి ఆగిన మాట దగ్గరి నుంచి

ఆదివారం బడిలో పిల్లలకు నేను అన్నిటికన్నా ముందు నేర్పేది కళ్ళు మూసుకోవడం. పాటలూ వాక్యమూ ఆ తర్వాతే. ప్రార్థన అంటే మోకాళ్ళ మీద ఉండాలి, చేతులు జోడించాలి, కళ్ళు మూయాలి, చివర్లో గట్టిగా ఆమెన్ అనాలి. ఎవరైనా మధ్యలో కళ్ళు తెరిస్తే ప్రార్థన అయ్యాక లేపి నిలబెట్టేదాన్ని. ఒకసారి ఒక పిల్ల, "మరి నేను తెరిచింది నీకెట్ల కనవడ్డది టీచర్?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి పాట మొదలుపెట్టించాను.

పోయిన ఏడాది శ్రమల దినాల్లో అవన్నీ నా నుంచి పోయాయి. మొదట మోకాళ్ళు, తర్వాత చేతులు, కనురెప్పలు, చివరికి గొంతు. ఇప్పుడు లేచి తిరుగుతున్నాను, నా చేత్తోనే ఇది రాస్తున్నాను. రాస్తే గుండె కాస్త కుదుటపడుతుందని ఒక ఆశ. ఇలాంటిదే ఇంకెవరికైనా వస్తే మాలాగా కూర్చుని ఆలస్యం చేయరని ఇంకో ఆశ.

మాది బీదర్. నేను ఒక ప్రైవేటు బడిలో చిన్న పిల్లలకు కన్నడ చెప్తాను. ఇంట్లోనూ చర్చిలోనూ మాత్రం తెలుగే. మా ఆయన ప్రకాష్ బోరు మోటార్లకు రాగి తీగ చుట్టే వైండింగ్ పని చేస్తాడు. మన్నళ్ళి, నిర్ణా ఊళ్ళ వైపు మోటారు కాలిపోతే రైతులు బండిలో వేసుకుని ఆయన దగ్గరికే వస్తారు. మా అత్తమ్మ శాంతమ్మ స్త్రీల ప్రార్థన కూడికకు పెద్ద. ఆమె తర్వాత ప్రార్థనకు పిలిచేది నన్నే. ఎవరింట్లో జబ్బు చేసినా, ఎవరి పిల్లకు పరీక్షలున్నా "కరుణమ్మను పిలువుండ్రి" అనేవాళ్ళు. నాకు అది బాగానే ఉండేది. చాలా బాగా ఉండేది.

ప్రకాష్ మాత్రం మమ్మల్ని చర్చి గేటు దగ్గర దింపి, బయట బండ్ల పక్కన గోడకు ఆనుకుని కూర్చునేవాడు. లోపలికి వస్తే గోడలు కూలుతాయా అని ఎన్నిసార్లు నిష్ఠూరమాడానో. "నువ్వున్నవ్ గదా లోపట" అనేవాడు, అంతే. పెళ్ళయినప్పటి నుంచి ఆయన నోట ఒక్క ప్రార్థన వినలేదు. భక్తిలేని మనిషిని కట్టుకున్నానని లోలోపల దిగులు పడేదాన్ని. ఆ దిగులులో కొంచెం గొప్ప కూడా కలిసి ఉండేది.

శ్రమల దినాలంటే ఈస్టరుకు ముందు వచ్చే వారాలు. క్రీస్తు పడ్డ శ్రమలు తలుచుకుంటూ మేము సాయంత్రం దాకా ఏమీ తినం. ఆ వారాలు సగం గడిచేసరికి పక్కింటివాళ్ళ పెళ్ళిలో రాత్రి భోజనం నాకు పడలేదు. కడుపు చెడి, రెండు మూడు రోజుల్లో సర్దుకుంది. ఆ తర్వాత అరికాళ్ళలో చీమలు పాకినట్టు తిమ్మిరి మొదలైంది. అన్నేసిసేపు మోకాళ్ళ మీద ఉంటే తిమ్మిరెక్కదా అనుకున్నాను. ఆ తిమ్మిరి వేళ్ళ చివరలకూ వచ్చింది. బడిలో సుద్దముక్క చేతిలో నిలవలేదు.

అత్తమ్మతో చెప్పాను.

"ఉపాసం పట్టినవ్ గదనే, ఒళ్ళు డీలా గాదా?" అంది. "ఒళ్ళు తగ్గితెనే ఆత్మ పెరుగుతది. శ్రమల దినాలల్ల శ్రమ రావాలె."

కూడికలో మిగతా వాళ్ళూ అదే మాట అన్నారు. ఇంకెవరైనా అయితే ఇంత నీరసంగా ఉన్నావేమిటి, దవాఖానకు పో అనేవాళ్ళు. మాకు ఆ వారాల్లో నీరసం మంచి గుర్తు. నిజం చెప్పాలంటే, మెట్లెక్కుతూ కాళ్ళు వణికినప్పుడు నాకు భయంతో పాటు కాస్త సంతోషం కూడా కలిగింది. ప్రకాష్ ఒక్కడే, "ఇది ఉపాసం తకలీఫ్ లెక్క లేదు, చూపిద్దాం పా" అన్నాడు. ఈస్టర్ అయ్యాక చూద్దామన్నాను.

ఈస్టరుకు ముందటి ఆదివారం, మట్టల ఆదివారం వచ్చింది. పిల్లలు ఈత మట్టలు పట్టుకుని పాడుతూ వీధంతా తిరిగి చర్చికి వస్తారు, నేను ముందు నడుస్తాను. చర్చి మెట్ల దగ్గరికి వచ్చేసరికి కుడికాలు లేవలేదు. చేతిలోని మట్ట జారిపోయింది. తీసుకుందామని వంగితే మోకాళ్ళ మీద కూలబడ్డాను, ఇంక లేవలేకపోయాను. టీచరు మోకరించిందనుకుని పిల్లలందరూ నా వెనకే, ఆ ఎండలో, వరసగా మోకరించారు. చూసేవాళ్ళకు ఎంత ముచ్చటగా ఉందో! పాట కూడా ఆపలేదు. నేను మాత్రం రెండు చేతులూ నేలకు ఆన్చి లోపల కేకలు పెడుతున్నాను. బండ్ల దగ్గరి నుంచి ప్రకాష్ పరుగెత్తుకొచ్చి నన్ను ఎత్తుకున్నాడు.

మర్నాడు ఒక క్లినిక్కుకు తీసుకుపోయాడు. బలానికి సూది వేశారు, రక్తం తీశారు, రిపోర్టు వచ్చాక రమ్మన్నారు. మంగళవారం మంచం దిగలేదు. బుధవారం నీళ్ళు తాగితే నోటి పక్క నుంచి కారిపోయాయి. ఆ మధ్యాహ్నమే కూడిక స్త్రీలు, పాస్టరయ్య మా ఇంటికి ప్రార్థనకు వచ్చారు.

నన్ను దిండ్లు పెట్టి మంచం మీద కూర్చోబెట్టారు. అందరూ కొంగు తలమీద వేసుకుని కళ్ళు మూసుకున్నారు. అత్తమ్మ గొంతెత్తింది. నేనూ కళ్ళు మూసుకోబోయాను. రెప్పలు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. మళ్ళీ ప్రయత్నించాను. రాలేదు.

అలా కళ్ళు తెరిచే, ప్రార్థన చేసేవాళ్ళ ముఖాలను జీవితంలో మొదటిసారి చూశాను. ఒకామె చీర అంచు నలుపుతోంది. ఒకామె చప్పుడు లేకుండా ఏడుస్తోంది. అత్తమ్మ గొంతు గోడలు అదిరేలా ఉంది కానీ ఆమె చేతులు గజగజ వణుకుతున్నాయి. అంత భయం ఆమెలో ఉందని నాకు తెలియనే తెలియదు. తలుపు దగ్గర ప్రకాష్ నిలబడి ఉన్నాడు, మోచేతుల దాకా గ్రీజు, కాళ్ళకు చెప్పులు. ఆ గదిలో నావి కాక తెరిచి ఉన్న కళ్ళు ఆయనవే. నావైపే చూస్తున్నాడు.

"అమ్మా, ఆపు. కరుణ కండ్లు మూతవడ్తలేవు."

"ప్రార్థనల మధ్యల ఏం మాటలురా? చెప్పులు తీయ్ ముందుగాల!"

"నా చెప్పులు గాదు, దాని మొకం జూడు! ఒక్కసారి కండ్లు తెరిచి జూడుండ్రి ఎవలన్న!"

ఎవరూ తెరవలేదు. అంత గట్టిగా అలవాటు చేసుకున్నాం. పాస్టరయ్య ఒక్కడే తెరిచాడు. నన్ను చూశాడు. అత్తమ్మ మాట ఇంకా నడుస్తుండగానే ఆమెన్ అనేశాడు.

"శాంతమ్మా, మిగిలింది బండిల చేద్దాం. లేవుండ్రి, జల్ది."

చెప్పులతోనే ప్రకాష్ కూడిక స్త్రీల నడుమ నుంచి నడిచొచ్చి నన్ను భుజాన వేసుకున్నాడు.

దవాఖానలో డాక్టరు చిన్న వయసువాడు. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు, కాలు కదల్లేదు. అతని ముఖంలో నవ్వు పోయింది. ఒకే ఊపిరిలో ఎంతసేపు మాట్లాడగలనో మాట్లాడమని కన్నడంలో అడిగాడు. ఏదైనా సరే, నోటికి వచ్చినది. నాకు నోటికి వచ్చినది క్రీస్తు నేర్పిన ప్రార్థనే. ప్రతి ఆదివారం పిల్లలతో చెప్పించేది, పందెం వేసి ఒక్క ఊపిరిలో ఆమెన్ దాకా అనేసేదాన్ని. ఇప్పుడు మాత్రం అనుదినాహారం అడిగే చోటికి వచ్చేసరికి ఊపిరి అయిపోయింది.

కొంతసేపటికి మళ్ళీ చెప్పమన్నాడు. ఆ చోటు దాకా కూడా రాలేదు.

డాక్టరు ప్రకాష్‌ను పక్కకు పిలిచి మాట్లాడాడు. ప్రకాష్ వచ్చి వాళ్ళమ్మ చెవిలో చెప్పాడు. నాకు వినబడింది. "నరాల తీగలు బాగనే ఉన్నయమ్మా. తీగ మీది పూత కరాబైతాంది. అందుకే కరెంటు అందుతలేదు. కిందికెల్లి మీదికొస్తాంది. ఛాతీకొస్తె ఊపిరి అందదట. అంతలోపట హైదరాబాదు పోవాలె."

అత్తమ్మ నా చెప్పులు చేతిలో పట్టుకుని అంబులెన్సు ముందు సీట్లో కూర్చుంది. నడవలేని మనిషికి చెప్పులెందుకో ఎవరూ అడగలేదు.

బండిలో నా పక్కన ఒక నర్సు, ప్రకాష్. కాసేపటికోసారి చెప్పించమని డాక్టరు నర్సుకు చెప్పి పంపాడు. ఇన్నేళ్ళు దేవుడితో మాట్లాడిన మాటలు ఇప్పుడు నా ఊపిరిని కొలిచే టేపు అయ్యాయి. నేను మొదలుపెడతాను, ఎక్కడో తెగిపోతుంది, నర్సు ప్రకాష్ వైపు చూడకుండా కిటికీలోంచి చూస్తుంది.

దారిలో మన్నాఏఖేళ్ళిలో సంత. లారీలు, టెంపోలు, గంపలు, జనం. బండి ఆగిపోయింది. డ్రైవరు తల బయటపెట్టి "రాస్తా దేవ్ భాయ్, మరీజ్ హై!" అని, లోపల రోగి ఉంది దారివ్వమని అరుస్తున్నాడు. కలింగర పుచ్చకాయల బండివాడు ఒకడు తన బండిని తోసుకుంటూ పోయి కాలవలోకి ఒరిగించేశాడు. పండ్లు దొర్లిపోయాయి. అతని వైపు నుంచి దారి తెరుచుకుంది. అతనెవరో నాకు తెలీదు. నా ప్రార్థనల్లో ఇప్పుడు అతనికి ఒక చోటుంది.

ఆ దారి తెరుచుకునే లోపే, ఆగిన బండిలో నర్సు, "ఇంకొక్కసారి చెప్పండమ్మా" అంది. మొదలుపెట్టాను. తండ్రిని పిలిచాను. ఆయన నామం, ఆయన రాజ్యం దాటాను. ఆయన చిత్తము నెరవేరాలని అడిగే చోటికి వచ్చాను. ఆ "చిత్తము" అనే మాట దగ్గర ఆగిపోయాను. ఊపిరి ఆగిందో మనసు ఆగిందో నాకు ఇప్పటికీ తెలీదు. నాకు దేవుడి మీద చెప్పలేనంత కోపంగా ఉంది. ఉపవాసం పట్టిన కాళ్ళను విరిచావు, ప్రార్థించే నోటిని వంకర చేశావు, ఇదేనా నీ చిత్తం? అయితే నాకు వద్దు. నా నోటితో అననే అనను.

నర్సు ఎదురుచూసింది.

అప్పుడు ప్రకాష్ అందుకున్నాడు. సరిగ్గా ఆ మాట దగ్గరి నుంచి. నావైపు చూడకుండా, స్ట్రెచరు కడ్డీని పట్టుకుని, పానతో నట్టు బిగిస్తూ తనలో తాను మాట్లాడుకునే గొంతుతో. ఒక్క మాట తడబడకుండా ఆమెన్ దాకా చెప్పాడు. నేను కళ్ళప్పగించి చూశాను. మూసుకోలేని కళ్ళు కదా, నీళ్ళు వాటంతటవే కారాయి. గ్రీజు చొక్కా చేతితోనే తుడిచాడు.

బండి కదిలింది.

హైదరాబాదులో ఆ సాయంత్రమే గొంతులో గొట్టం పెట్టారు. తర్వాత రోజుల గురించి ఎక్కువ రాయను. మెదడు మేలుకునే ఉంటుంది, ఒళ్ళు మాత్రం నీది కాదు. దురద పుడితే చెప్పలేవు. ఊపిరి మిషను చప్పుడు ఒక క్షణం మారితే గుండె ఆగినట్టవుతుంది. నర్సులు రాత్రిళ్ళు కళ్ళలో చుక్కలు వేసి రెప్పలను ప్లాస్టరుతో మూసేవాళ్ళు. నన్ను కళ్ళు మూయమని ఎవరూ అడగని చోట నా కళ్ళు మూతపడ్డాయి. ప్రార్థన చేద్దామంటే ఏముంది నా దగ్గర? మోకాళ్ళు లేవు, చేతులు లేవు, నోరు లేదు. మనసులో చేయొచ్చు కదా అంటారు. మనసులో ఉన్నది కోపమూ భయమే. చచ్చిపోతానని భయం, చావకుండా ఇలాగే ఉండిపోతానని అంతకన్నా భయం.

ఈస్టరునాడు లేస్తానని బీదర్‌లో అందరూ ఫోన్లో ధైర్యం చెప్పారట. నేనూ లోపల్లోపల ఆ బేరం పెట్టుకున్నాను. "ఇయ్యాల ఈస్టర్" అని ప్రకాష్ చెవిలో చెప్పినప్పుడు, మా వాళ్ళు తెల్లవారుజామునే కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గర పాడి ఉంటారని గుర్తొచ్చింది. ఆ రోజే నాకు ఊపిరితిత్తుల్లో చీము పట్టి జ్వరం ఎక్కింది. నేను లేవలేదు. ఈస్టరు నన్ను దాటుకుని వెళ్ళిపోయింది.

రోజూ చూడనిచ్చే ఆ కాసేపట్లో ప్రకాష్ వచ్చి మంచం పక్కన నిలబడేవాడు. బాగున్నావా అనడు, ధైర్యంగా ఉండు అనడు. ఆ మాట దగ్గరి నుంచి మొదలుపెట్టి ఆమెన్ దాకా చెప్పి వెళ్ళిపోయేవాడు. ఎప్పుడూ అక్కడి నుంచే. మొదటి సగం ఏమైందని నాకు వింతగా ఉండేది. అడిగే నోరు లేదు. నా కళ్ళలో ఆ ప్రశ్న కనబడిందో ఏమో, ఒకరోజు తనే చెప్పాడు.

"మొదటి సగం నువ్వు చెప్పినవ్ గదా బండిల. అది యాడికి పోతది? దేవునికి చేరే ఉంటది. నాకు మొదలువెట్టుడు రాదు కరుణా. చిన్నగున్నప్పుడు చర్చిల అందరి ముంగట మొదలువెట్టి మర్చిపోయిన. అందరు నవ్విండ్రు, అమ్మ సిగ్గువడ్డది. అప్పటిసంది ఎవలన్న మొదలువెడితె మనసుల ముగిస్త. ఆదివారం గోడకు కూసొని, మైకుల నువ్వు మొదలువెట్టింది బయట నేను ముగిస్త. నువ్వు ఊపిరి వట్టి ఉరుకుతుంటవ్, నేను వెనకొస్తుంట."

ఇన్నేళ్ళు గోడకు ఇవతల నేను ప్రార్థన చేస్తున్నాననుకున్నాను, అవతల ప్రార్థనే లేదనుకున్నాను. ఆ రోజు నాలో ఏదో మెత్తబడింది. కోపం పోలేదు. కానీ ఒంటరితనం పోయింది. నేను అనలేని మాటను నా తరఫున ఒక మనిషి రోజూ అంటున్నాడు. దేవుడు దాన్ని నాదిగానే తీసుకుంటున్నాడని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. శ్రమల్లో ఆత్మ పెరుగుతుందని మేమెంతో తేలిగ్గా అనేవాళ్ళం. నాకైతే పెరిగినట్టు అనిపించలేదు, తగ్గినట్టే అనిపించింది. నేననుకున్న కరుణమ్మ, పిలిస్తే వెళ్ళి ప్రార్థన చేసే కరుణమ్మ, చాలా చిన్నదైపోయింది. ఆ ఖాళీలో వేరేవాళ్ళకు చోటు దొరికింది.

కొన్ని వారాలకు ఊపిరి నేనే తీసుకోగలిగి, గొట్టం తీసి వార్డుకు తెచ్చాక అత్తమ్మ నా దగ్గరికి వచ్చింది. అన్ని రోజులూ ఐసీయూ బయట నేలమీదే కూర్చుందట. పక్కనే ఒక ముసల్మాను ముసలమ్మ, ఆమె కొడుకూ లోపలే. ఆమె ఫ్లాస్కులో చాయ్ తెచ్చి ముందు మా అత్తమ్మకు పోసేదట. అత్తమ్మ గొంతెత్తి ప్రార్థన చేయడమే మానేసిందని ప్రకాష్ చెప్పాడు. వచ్చి నా పాదం ఒళ్ళో పెట్టుకుని నొక్కింది.

"నేనే ఆపిన్నే నిన్ను. ఒళ్ళు తగ్గితె ఆత్మ పెరుగుతదన్న. నా నోరు కాలిపోను."

నా గొంతు గరగరలాడుతోంది. "ఆకలైతాంది అత్తమ్మా" అన్నాను.

ఆమె ఏడుస్తూనే నవ్వింది. గంజి కలిపి, ఊది ఊది చెంచాతో పోసింది.

వానాకాలం మొదలయ్యేసరికి ఇంటికి వచ్చాను. వాకరు పట్టుకుని గుమ్మం దాకా, తర్వాత వాకిలి దాకా. రాత్రి కాలు కాస్త తిమ్మిరెక్కినా మళ్ళీ వచ్చిందేమోనని చెమటలు పట్టేవి. చూడ్డానికి వచ్చినవాళ్ళు దేవుడు ఏం నేర్పాడమ్మా అని పరీక్ష పెట్టేవాళ్ళు. ఒకామె ఇంకో అడుగు ముందుకేసి, ఏ పాపం చేశావో గుర్తు తెచ్చుకున్నావా అంది. "నాది గుర్తుకొస్తె నీది గూడ అడిగి చెప్తలే అక్కా" అన్నాను. నోరు మాత్రం పూర్తిగా నయమైందని అత్తమ్మ సంబరపడింది.

ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా కాళ్ళలో తిమ్మిరి మొదలై, నీరసం కింది నుంచి పైకి పాకుతుంటే పండుగ అయ్యాక చూద్దామనుకోకండి. ఉపవాసం విడిచి అప్పుడే వెళ్ళండి. దేవుడు ఏమీ అనుకోడు. ప్రార్థన చేసేటప్పుడు కూడా పక్కవాళ్ళ ముఖం ఒకసారి చూడండి.

ఇంటికి వచ్చాక అన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఒక్క మాట తప్ప. ఇంట్లో ప్రార్థన చెప్పేటప్పుడు "చిత్తము" దగ్గరికి రాగానే నా నాలుక ఆగిపోయేది. ఊపిరి ఉంది. మాటే రాదు. ప్రకాష్ అందుకునేవాడు, నేను వింటూ కూర్చునేదాన్ని. ఇక ఎప్పటికీ అనలేనేమో, అనలేని మనిషి విశ్వాసి ఎలా అవుతుందని భయపడేదాన్ని. పాస్టరయ్యతో చెప్తే, "ఆయనకు తొందర లేదు కరుణమ్మా" అన్నాడు.

పంట పండుగ ఆదివారం చర్చి మెట్లు నా కాళ్ళతో ఎక్కాను. లోపల దేవునికి కానుకగా తెచ్చిన జొన్న కంకులు, గుమ్మడికాయలు, కందికాయల కట్టలు. అత్తమ్మ నా పక్కనే కూర్చుంది. ప్రకాష్ ఎప్పటిలాగే బయట గోడ దగ్గర. పాస్టరయ్య నన్ను ప్రార్థన చెప్పించమన్నాడు. మైకు పట్టుకున్నాను. అందరూ కళ్ళు మూసుకున్నారు. నా కుడి రెప్ప ఇప్పటికీ పూర్తిగా మూతపడదు. ఆ సందులోంచి ముందు వరసలో పిల్లలు కనబడ్డారు. నీకెట్ల కనవడ్డదని ఒకప్పుడు నన్ను అడిగిన పిల్ల కళ్ళు తెరుచుకుని నన్నే చూస్తోంది. నేనేమీ అనలేదు.

మొదలుపెట్టాను. తండ్రిని పిలిచాను. నామం, రాజ్యం. ఆ మాట దగ్గరికి వచ్చాను. ఛాతీ నిండా ఊపిరి ఉంది, అయినా ఆగిపోయాను. జబ్బు మళ్ళీ తిరగబెట్టిందనుకుని అత్తమ్మ సగం లేచింది. నేను తలుపు వైపు చూశాను.

గోడ దగ్గరి నుంచి ఆయన లేచాడు. చెప్పులు విడిచాడు. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అందరి ముందూ, మైకు లేకుండా, ఆ మాట దగ్గరి నుంచి అందుకున్నాడు.

ఈసారి ఆయన వెనకే నేనూ అన్నాను.